వంద కౌంటు యుద్ధం

"గాంధీగారి నూలు వడుకుతూ మనుషుల్ని చంపే పుస్తకాలు వింటావా? సిగ్గు లేదూ?"

ఖద్దరు ఇన్‌స్పెక్టరు జగన్నాధంగారు మా ఊరి నూలు కేంద్రం గుమ్మంలో నిలబడి, చెప్పులైనా విప్పకుండా జగ్గమ్మని అడిగిన ప్రశ్న ఇది. అది 1969 ఆగస్టు నెల. జగ్గమ్మ రాట్నం ఆపలేదు, తల ఎత్తలేదు.

"నానేటి సంపినానా బాబూ? ఇంటన్నానంతే. అడగాలంటే ముందా సేప దవడ్ని అడగండి. దాని తరవాతే నా వంతు" అంది.

పొందూరు చుట్టుపక్కల వాళ్ళకి ఈ జవాబు ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది. తక్కినవాళ్ళకి కొంచెం చెప్పాలి. మా వైపు సన్న ఖద్దరుకి కొండపత్తిని గింజతో సహా చేతిలోకి తీసుకుని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ చేప పళ్ళంత సన్నని దువ్వెన ఇంతవరకు ఏ కార్ఖానా చెయ్యలేదు. అంటే దేశంలోకెల్లా సన్నని అహింసా వస్త్రం ఒక చేప చావుతో మొదలవుతుంది. ఈ సంగతి ఏ సభలోనూ ఎవరూ ఎత్తరు. ఎత్తకుండా దండలు వేసుకుని దిగిపోతారు. జగ్గమ్మ ఎత్తింది. ఇన్‌స్పెక్టరుగారు ఒకసారి దవడ వైపు, ఒకసారి తన ఖద్దరు లాల్చీ వైపు చూసుకుని, అప్పుడు చెప్పులు విప్పారు.

జగ్గమ్మకి అరవై ఏళ్ళు. కోడిని కొయ్యలేదు. ఇంట్లో జెర్రి కనిపిస్తే చేటతో ఎత్తి పక్కింటివాళ్ళ దొడ్లో వదిలేది, దాని బతుకు అది బతుకుతుందని. అంతటి మనిషికి ఉన్న వ్యసనం ఒక్కటే. పొద్దుట రాట్నం ముందు కూర్చున్నాక ఎవరైనా యుద్ధం పుస్తకం చదివి వినిపించాలి. మామూలు యుద్ధం కాదు. అంబలి తాగే పొద్దు దాటేలోగా పదిమందైనా పడాలి, ఒక ట్రక్కయినా పేలాలి. లేకపోతే చెయ్యి ఆడదు, నూలు సాగదు. ఇది ఆవిడ మాట. మా ఊరంతా నమ్మిన మాట.

ఆ పుస్తకాలు శ్రీకాకుళం బస్టాండు పక్కన గంగరాజు అద్దె పుస్తకాల కొట్టునుంచి వచ్చేవి. రెండు రూపాయల బయానా, రోజుకి పది పైసల అద్దె. అట్ట మీద మేజర్ దినకర్ ఒక చేత్తో మరతుపాకీ, ఇంకో చేత్తో స్పృహ తప్పిన నర్సునీ పట్టుకుని మంచుకొండ ఎక్కుతుంటాడు. ఏ పుస్తకం తీసినా అదే మేజరు, అదే కొండ. నర్సు మాత్రం మారుతుంది. జగ్గమ్మకి అక్షరం రాదు. అయినా పుస్తకం చేతికి రాగానే అట్ట చూసి, "ఈ పిల్లని ఇదివరకు మొయ్యలేదు" అనేది.

నేను అప్పుడే వాల్తేరులో ఎమ్మే ముగించి, లెక్చరరు ఉద్యోగం కోసం అర్జీలు పెట్టుకుంటూ ఇంట్లో కూర్చున్నాను. నూలు కేంద్రం మా ఇంటిని ఆనుకున్న పెంకుటిల్లే కావడంతో, ఆ యుద్ధాలన్నీ గోడ దాటి నా చెవిన పడేవి. చదువుకున్నవాడి బాధ్యత ఒకటి ఉంటుంది కదా. ఆవిడ అభిరుచిని బాగుచెయ్యాలని ఒక మంచి సాంఘిక నవల పట్టుకుని వెళ్ళాను. కథానాయిక కిటికీ దగ్గర నిలబడి వెన్నెలని చూస్తూ ఆరు పేజీలు నిట్టూరుస్తుంది. ఆ ఆరు పేజీల్లో జగ్గమ్మ నూలు పదకొండుసార్లు తెగింది.

"ఆ పిల్ల ఏల ఏడుస్తన్నాది బాబూ? ఎవులైనా పోయినారా?"

"పోలేదు. మనస్తాపం."

"పోకుండానే ఏడుపేటి? ఎవులైనా పోయినాక సెప్పండి, అంతవరకు ఓ పొగ పీల్చుకొస్తాను" అని లేచిపోయింది. పొగ అంటే మా వైపు ఆడవాళ్ళ అడ్డపొగ. చుట్ట నిప్పు కొస నోట్లో ఉంటుంది. ఆవిడ తిరిగి రాలేదు. నేను సాంఘిక నవలతో ఇంటికొచ్చేశాను.

అసలు చదివేవాడు సత్యం. కేంద్రంలో గుమాస్తా. ఇరవై ఆరేళ్ళవాడు, బక్కగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరికో అడ్డం వచ్చానేమోనన్నట్టు పక్కకి ఒదిగి నడిచే మనిషి. ఆ తొంభై రూపాయల జీతం మీద తల్లీ, ఇద్దరు తమ్ముళ్ళూ బతుకుతున్నారు. అతనికి నత్తి. మాట మొదటి అక్షరం దగ్గర ఆగిపోతే గుంటలో పడ్డ బండి చక్రమే. ఎంత తోస్తే అంత కూరుకుపోతుంది. అతని ఉద్యోగమేమో నోటితో పని. ప్రతి సోమవారం నలభైమంది ఆడవాళ్ళు తెచ్చిన నూలు చిలపల్ని తూచి, ఒక్కొక్కరి పేరూ కౌంటూ గట్టిగా చదవాలి. చిలప అంటే ఒకే కొలత పొడుగున్న నూలు చుట్ట. అది ఎంత తేలికైతే కౌంటు అంత ఎక్కువ, కౌంటు ఎంత ఎక్కువైతే కూలి అంత ఎక్కువ. ఎనభై దాటితే మంచి నూలు. వంద అంటే చూడ్డానికి పొరుగూళ్ళ నుంచి వస్తారు. తక్కిన కేంద్రాల్లో అరగంటలో అయిపోయే ఈ పని మా దగ్గర మధ్యాహ్నం దాకా సాగేది.

అలాంటివాణ్ణి పుస్తకం చదవమనడమేమిటి? బడిపంతులమ్మ తాయారు ఈ అన్యాయం చూడలేక, "నేను చదువుతాను జగ్గమ్మా, గడగడా చదువుతాను" అంది. ఒకరోజు చదివింది కూడా. జగ్గమ్మ సగంలో చెయ్యెత్తింది.

"సాలు తల్లీ. నువ్వు సదివితే బాంబు కూడా పూజలో గంట మోగినట్టుంటాది. మా సత్తెమే సదవాల."

అందులో నిజం లేకపోలేదు. మేజర్ దినకర్ మరతుపాకీ ఎత్తాడనుకోండి. రచయిత పాపం "ధనధన" అని ఒక్కసారే రాసి ఊరుకున్నాడు. సత్యం ఆ "ధ" దగ్గర ఆగాడంటే ధ-ధ-ధ-ధ-ధ అని పావు నిమిషంపాటు తూటాలు కురిసేవి. ఆడవాళ్ళు వంగి కూర్చునేవారు. రచయితకే చేతకాని యుద్ధం అది. ఇంకో వింత ఏమిటంటే, మేజరు మాట్లాడే చోట సత్యం గొంతు మారిపోయేది. ఛాతీలోంచి వచ్చేది. "జవానులారా, ముందుకు నడవండి!" అన్నప్పుడు నత్తి ఎటు పోయేదో పోయేది. పుస్తకం మూసి మంచినీళ్ళు అడగాలంటే మాత్రం మళ్ళీ "మ... మ...".

జగ్గమ్మ ఊరికే వినే మనిషి కాదు. రచయితల మీద ఆవిడ పెత్తనం ఇంతా అంతా కాదు. ఒకసారి నాలుగో ప్రకరణంలో దళం వంటవాడు అప్పన్న తూటా తగిలి చనిపోయాడు. రాట్నం ఆగింది.

"వంటోడిని సంపేస్తే ఆ దండుకి కూడెవుడొండుతాడ్రా? ఎనక్కెల్లు."

"పు... పుస్తకంలో అలాగే ఉంది జగ్గమ్మా."

"పుస్తకం ఎవుడిది? పది పైసలు నానిచ్చినాను. ఎనక్కెల్లు."

సత్యం పేజీ వెనక్కి తిప్పి, తూటాని అప్పన్న చెవి పక్కనుంచి పోనిచ్చాడు. రాట్నం తిరిగింది. ఆనాటి నుంచి ఏ పుస్తకంలోనూ వంటవాళ్ళు, కంచరగాడిదలు తోలేవాళ్ళు, ఉత్తరాలు మోసేవాళ్ళు చావకూడదని నిబంధన. శత్రువులైనా పేరులేని శత్రువులే చావాలి. "పేరుంటే తల్లుంటాది" అనేది. సత్యం శత్రువుల పేర్లన్నీ మింగేసి చదవడం అలవాటు చేసుకున్నాడు. మూడు రోజులుగా కొండ మీద కాల్పులు జరుగుతుంటే, "ఆ మేజరు ఏటైనా తిన్నాడా లేదా? సోడంబలైనా పొయ్యండి ఆడికి" అనేది. సత్యం మంచులో ఒక కుండెడు అంబలి దింపేవాడు. మేజర్ దినకర్ మా జిల్లా అంబలి తాగి కొన్ని వందలమందిని చంపాడు.

ఈ చంపుళ్ళ లెక్కలో పడింది కేంద్రం అంతా. ఒకసారి ఎనభైమంది పడ్డ వారం జగ్గమ్మ నూలు సరిగ్గా ఎనభై కౌంటు తూగింది. మరో వారం డెబ్భై రెండుకి డెబ్భై రెండు. ఇంకేముంది, చచ్చినవాళ్ళెంతమందో కౌంటు అంత అని స్థిరపడిపోయింది. నేత నేసే లక్ష్ముడు ఈ శాస్త్రానికి పెద్ద. వేళ్ళ కణుపుల మీద శవాలు లెక్కపెట్టుకుంటూ గుమ్మం పక్కన కూర్చునేవాడు. "ఒరే సత్తెం, వంద కౌంటు పంచె ఒకటి ఒప్పుకున్నానొరే. ఈ పాలి సిన్న యుద్ధాలొద్దు. మంచి పెద్ద యుద్ధం తే, మావ మాట ఇను" అని బతిమాలేవాడు.

ఇదంతా చాటుగా జరిగేది. ఎంతైనా ఖద్దరు కేంద్రం. గోడ మీద బోసినవ్వుతో మహాత్ముడి పటం. చదివినంతసేపూ ఆ పటం మీద ఒక తడిగుడ్డ ఆరేసేవారు, ఆయన నొచ్చుకోకూడదని. పుస్తకం పత్తి ఏకుల బుట్టలో, అరటిపట్ట అడుగున ఉండేది. వీధిలో ఎవరైనా పెద్దమనిషి కనిపిస్తే గుమ్మం దగ్గర లక్ష్ముడు దగ్గుతాడు. దగ్గు వినిపించగానే నలభైమందీ భజన ఎత్తుకుంటారు. మేజరు కొండ అంచున వేలాడుతుండగానే దేవుడి నామం మొదలవుతుంది. మా ఊళ్ళో అంత భక్తి ఉందని పై అధికారులు రెండేళ్ళపాటు మెచ్చుకున్నారు.

ఆగస్టులో ఆ రోజు లక్ష్ముడు దగ్గలేదు. మేజర్ దినకర్ సొరంగంలో ఇరుక్కుపోయాడు, లక్ష్ముడు నలభై మూడో శవం దగ్గర ఉన్నాడు. జగన్నాధంగారు వచ్చేశారు. "ఇప్పుడే వచ్చాను, ఇప్పుడే నా చెవిన పడింది" అన్నారాయన. కాని ఆయన జీపు మా ఇంటి ముందు పావుగంట నుంచి ఆగి ఉంది. నేను చూస్తూనే ఉన్నాను.

చేప దవడ జవాబుతో ఆయన కోపం జగ్గమ్మ మీదనుంచి సత్యం మీదకి తిరిగింది. "అసలే మన జిల్లాలో రోజులు బాగులేవు. కొండల్లో తుపాకులు, ఇక్కడ పుస్తకాల్లో తుపాకులూనా? నువ్వేనా గుమాస్తావి? ఏదీ, ఈవేళ చిలపల పట్టీ చదువు, విందాం."

సత్యం పట్టీ తీశాడు. పట్టీలో మొదటి పేరు జగ్గమ్మదే. "జ..." అన్నాడు. "జ... జ..." మెడ నరాలు ఉబ్బాయి. నలభై రాట్నాలూ ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

జగన్నాధంగారు చెయ్యెత్తి ఆపారు. మనిషి దుర్మార్గుడు కాదు. సర్క్యులర్లు చదివి చదివి వాటిలాగే మాట్లాడేవాడు. "చూడు నాయనా. అక్టోబరు రెండు శతజయంతి. మన జిల్లానుంచి వంద కౌంటు నూలు ఢిల్లీ ఎగ్జిబిషన్‌కి పంపుతామని పైకి రాసేశాను. జగ్గమ్మ వడకాలి. వచ్చే నెలాఖరు సోమవారం అతిథుల్ని తీసుకొస్తాను. వాళ్ళ ముందు పట్టీ గట్టిగా చదవాలి. చదివావా, నీ ఉద్యోగం పర్మనెంటు. లేదా, నోరున్న గుమాస్తాని వేసుకుంటాం. ఇక ఈ పుస్తకాలు బంద్."

ఆయన వెళ్ళాక సత్యం తువ్వాలుతో మొహం తుడుచుకుని, మహాత్ముడి మీది తడిగుడ్డ తీసి మడతపెట్టాడు.

ఆ తరవాత నెల్లాళ్ళు మా ఊళ్ళో శాంతి. అంత భయంకరమైన శాంతి నేనెరగను. జగ్గమ్మ నూలు అరవైకి దిగింది, నలభైకి దిగింది, ముప్ఫై అయిదుకి వచ్చింది. లక్ష్ముడు దాన్ని వేళ్ళ మధ్య నలిపి, "దీనితో ఎడ్లని కట్టీయొచ్చు" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నానేటి సేయను? ఎవుడూ సావకపోతే సెయ్యి ఆడదు" అని జగ్గమ్మ చేతులు చాపి చూపించేది. సత్యం రోజూ సాయంత్రం చెరువుగట్టు అవతలికి పోయి పట్టీ చదువుకునేవాడు. "జ" దాటేవాడు కాదు. చివరి వారం రాజీనామా కాగితం రాసి జేబులో పెట్టుకున్నాడు. అది నాకు చూపించి, ఇంగ్లీషు తప్పులుంటే దిద్దమన్నాడు. తప్పులున్నాయని చెప్పి నేను తిరిగి ఇవ్వలేదు.

జగ్గమ్మ మాత్రం ఆదివారంనాడు అతని చేతిలో పది పైసలు పెట్టింది. "సీకాకులం ఎల్లి మేజర్ని తే."

"బ... బంద్ చేశారు కదా!"

"ఆళ్ళు బంద్ సేసినారు. నాను సేసినానా?"

సెప్టెంబరు ఇరవై తొమ్మిది, సోమవారం. కేంద్రానికి మామిడాకులు కట్టారు. జగన్నాధంగారితో ఇద్దరు అతిథులు దిగారు. ఒకాయనకి పెద్ద బొజ్జ, ఇంకొకాయనకి పెద్ద హోదా. ఉపన్యాసాలయ్యాయి. అహింస గురించి బొజ్జాయన అరగంట మాట్లాడారు, ఆ అరగంటలో ముగ్గురు స్పృహ తప్పినంత పనైంది. తరవాత జగ్గమ్మ రాట్నం ముందు కూర్చుంది. నమూనాకి చిలపలో పదో వంతు చాలు, గంటలో తేలిపోతుంది.

పది నిమిషాలయ్యేసరికి కదురు మీద కనిపిస్తున్నది నూలు కాదు, మొలతాడు. హోదా ఆయన ముందుకు వంగి చూశారు. జగన్నాధంగారి నుదుటి మీద చెమట పోసింది. వంద కౌంటని పైకి రాసేసిన మనిషి ఆయన.

"ఏమిటిది జగ్గమ్మా?"

"బుక్కు లేదు బాబూ."

"ఏ బుక్కు?" అన్నారు హోదా ఆయన.

జగన్నాధంగారే అందుకున్నారు. "అదీ... పనివాళ్ళు పని చేసేటప్పుడు ఒక గ్రంథం చదివించుకుంటారండి. ధర్మానికి సంబంధించింది. చెడ్డవాళ్ళు నశిస్తారు, మంచివాళ్ళు గెలుస్తారు."

"భేష్! చదివించండి మరి!"

ఇన్‌స్పెక్టరుగారు సత్యం వైపు చూసి కళ్ళతోనే సరే అన్నారు. ఎవరో పటం మీద తడిగుడ్డ వెయ్యబోతే జగ్గమ్మ, "ఉండనీ, ఈయేళ ఆయన్ని కూడా సూడనీ" అంది. సత్యం బుట్టలోంచి పుస్తకం తీశాడు. జగ్గమ్మ కదురు మీది మోటు నూలు ఊడదీసి పారేసి, కొత్తగా మొదలుపెట్టింది. నేను అతని పక్కనే కూర్చున్నాను.

మొదట్లో గొంతు వణికింది. మేజర్ దినకర్ నోరు విప్పేసరికి వణుకు పోయింది. శత్రువు వంతెన దాటితే లోయలో ఊళ్ళన్నీ పోతాయి. మేజరు చేతిలో ఒక తాడు, నడుముకి మందుపాతర. ధ-ధ-ధ-ధ-ధ! అతిథులు వంగారు. జగ్గమ్మ చేతిలో నూలు సన్నబడింది, ఇంకా సన్నబడింది, వేలికీ కదురుకీ మధ్య ఏమీ లేనట్టే ఉంది. మేజరు వంతెన కింద వేలాడుతున్నాడు. పైన శత్రువు బూట్లు. సత్యం పేజీ తిప్పాడు.

పేజీ లేదు.

గంగరాజు కొట్టు పుస్తకాల సంగతి తెలిసినవాళ్ళకి ఆశ్చర్యం ఉండదు. చివరి పదహారు పేజీలూ ఎవరి పకోడీల పొట్లాలో అయిపోయి ఉంటాయి. వెనక అట్ట మాత్రం ఉంది. అది ఆ మూలనుంచి నాకూ, సత్యానికీ తప్ప ఎవరికీ కనబడదు. "మే... మే... మే..." అన్నాడు సత్యం. చక్రం గుంటలో పడింది. అతని చెయ్యి జేబు వైపు పోయింది, రాజీనామా కాగితం కోసం, నాకిచ్చిన సంగతి మరిచి. అది నా దగ్గర ఉంది.

"ఒరే సత్తెం" అంది జగ్గమ్మ, నూలు మీదనుంచి చూపు తియ్యకుండా. "మేజరు వంతెన కింద యేలాడతన్నాడు. నా నూలు కూడా అక్కడే యేలాడతన్నాది. ఆడిని పైకి లాగు."

సత్యం కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. లేని పేజీ తిప్పాడు.

"జవానులారా!" అన్నాడు.

ఆ తరవాత జరిగింది ఏ పుస్తకంలోనూ లేదు. మంచుకొండల్లోని వంతెన నాగావళి మీదకి వచ్చేసింది. శత్రువు ట్యాంకులు మా తాటితోపుల్లో ఇసకలో దిగబడ్డాయి. మేజరు తాడు తెగబోతుండగా ఒక చెయ్యి వచ్చి పట్టుకుంది. ఎవరిది? వంటవాడు అప్పన్నది! నాలుగో ప్రకరణంలో జగ్గమ్మ వెనక్కి లాక్కొచ్చిన అప్పన్నది! గరిటెతో ఒకణ్ణి, అంబలి కుండతో ఇంకొకణ్ణి కొట్టి వచ్చాడు. వెనకాల కంచరగాడిదలు తోలేవాళ్ళు, ఉత్తరాలు మోసేవాళ్ళు, జగ్గమ్మ రెండేళ్ళుగా చావనివ్వనివాళ్ళందరూ ఒక దళంగా కదిలి వచ్చారు. సత్యం లేచి నిలబడ్డాడు. పుస్తకం చేతిలో తలకిందులుగా ఉంది. ఆడవాళ్ళు రాట్నాలు వదిలేసి గుప్పిళ్ళు బిగించారు. బొజ్జాయన తన ఉపన్యాసం కాగితాలు నలిపేసుకుంటున్నారు.

జగన్నాధంగారు ఎప్పుడు ముందుకు జరిగారో, సత్యం మోకాళ్ళ దగ్గరికి వచ్చేశారు. "వంతెన? వంతెన ఏమైందయ్యా? కూలిందా?"

"కూలింది సార్!" అని గర్జించాడు సత్యం. "ఒక్కడు కూడా దాటలేదు!"

పెంకులు లేచిపోయేలా కేకలు. ఆ ఊపులోనే, గొంతు దింపకుండా, అతను త్రాసు దగ్గరికి నడిచి నమూనా తూచాడు. పట్టీ తీశాడు.

"జగ్గమ్మ! నమూనా ఒకటి! కౌంటు నూట రెండు!"

'జ' దగ్గర ఆగలేదు. ఆగలేదన్న సంగతి అందరికన్నా చివర తెలిసింది అతనికే. గుమ్మం దగ్గరనుంచి లక్ష్ముడు రెండు చేతులూ ఎత్తి, "నూట రెండే! నాను లెక్కెట్టినాను! సరిగ్గా నూట ఇద్దరు పోయినారు!" అని అరిచాడు. మిగతా ముప్ఫై తొమ్మిది పేర్లూ మేజర్ దినకర్ గొంతులో పది నిమిషాల్లో అయిపోయాయి. ఒక్కొక్కతే లేచి నిలబడి, జవానులా "ఉన్నాను!" అంది. ఎవరూ నేర్పలేదు.

మర్నాడు పొద్దున్నే రాజీనామా కాగితం చింపి పొయ్యిలో వేసి, ఆ మాట సత్యానికి చెబుదామని కేంద్రానికి వెళ్ళాను. సత్యం ఇంకా రాలేదు. జగ్గమ్మ ఒక్కతే కూర్చుని వడుకుతోంది. పుస్తకం లేదు. చదివేవాడు లేడు. ఎక్కడా ఒక్క తూటా పేలడం లేదు. కదురు దగ్గర నూలు ఉందో లేదో తెలియలేదు నాకు. వేలితో తాకితే ఉంది. నమూనా అంత పొడుగు కొలిచి తీసి త్రాసులో వేశాను. నూట అయిదు.

"అదేమిటి జగ్గమ్మా? పుస్తకం లేకపోతే చెయ్యి ఆడదన్నావు!"

ఆవిడ దొరికిపోయిన పిల్లలా నవ్వింది. "నలభై యేళ్ళ బట్టి వడుకుతన్నాను బాబూ. మేజరు పుట్టకముందు నానేటి గోనెసంచులు నేసినానా?"

"మరి నెల్లాళ్ళుగా ఆ ముప్ఫై అయిదు?"

"అదే కష్టమైపోనాది. మోటు నూలు వడకడం నాకు రాదు. సేతులు నొప్పెట్టీసినాయి."

ఇంకో ఏకు అందుకుంది. తరవాత తనే చెప్పింది. "ఆడు కొత్తగా వచ్చిన మొదటి సోమారం నా పేరు కాడే ఆగిపోనాడు. అందరికన్నా ముందు నవ్విందాన్ని నానే. నాను నవ్వితే అందరూ నవ్వినారు. ఆ గుంటడు ఆ దినం తెచ్చుకున్న సద్ది ఇప్పకుండానే ఇంటికి పట్టుకుపోనాడు. మొదట దేముడి పుస్తకం సదివించినాను. దేముడి పేరు కాడ ఆగిపోతే మళ్ళీ నవ్వులే. అప్పుడనుకున్నాను, ఆగినా ఎవులూ నవ్వని పుస్తకం ఏటున్నాదీ అని. తుపాకుల పుస్తకమైతే ఎంత ఆగితే అంత బాగుంటాది కదా. ఆడు ఆగినప్పుడల్లా ఇంకో పదిమంది పడతారు."

నా ఎమ్మే పట్టా మీద నాకు కొంచెం జాలి కలిగింది.

"అయితే నీకు యుద్ధాలంటే ఇష్టమేమీ లేదన్నమాట. అంతా సత్యం కోసం."

జగ్గమ్మ గుమ్మం వైపు చూసింది. గొంతు తగ్గించింది. "మొదట్లో లేదు బాబూ. ఇప్పుడు మేజరు ఒక్కణ్ణయినా సంపందే నాకు అంబలి దిగదు. ఎవులికీ సెప్పకండి."

సత్యం పర్మనెంటు అయ్యాడు. టీ దుకాణం దగ్గర, ఇంట్లో తల్లి దగ్గర ఇప్పటికీ ఆగుతాడు. సోమవారం పట్టీ దగ్గర ఆగడు. గంగరాజు కొట్టు పుస్తకాల్లో పేజీలు పోయిన చోటల్లా అతను కొత్తవి చేరుస్తున్నాడు. కొందరు చిరిగిన పుస్తకాలే ఏరి తెమ్మంటున్నారు.

ఆ సోమవారంనాటి పుస్తకాన్ని జగన్నాధంగారు పరిశీలన నిమిత్తమంటూ జీపులో వేసుకుపోయారు. డిసెంబరులో సత్యానికి ఒక కార్డు వచ్చింది. "వంతెన ఘట్టము ఎంత వెదికినను కనబడలేదు. పేజీ నెంబరు తెలుపగలరు." సత్యం జవాబు రాయలేదు. పుస్తకమూ తిరిగి రాలేదు. గంగరాజు జగ్గమ్మ బయానా రెండు రూపాయలూ ఆవిడకి తిరిగి ఇచ్చేసి, ఖాతా పేరు మార్చాడు. ఇరవై తొమ్మిదో తారీఖు నుంచి రోజుకి పది పైసల చొప్పున అద్దె జగన్నాధంగారు ఇంకా కట్టలేదు.